డీడబ్ల్యూజీని ఫ్రీక్యాడ్‌లోకి తెస్తే ఫ్లాంజ్ 8712 చూపిస్తోంది, ప్యాడ్ అవ్వట్లేదు

రాయగడ_షెడ్డు:

అందరికీ నమస్తే. మాది రాయగడలో ఫ్యాబ్రికేషన్ షెడ్డు. ఒక కన్వేయర్ డిశ్చార్జి చ్యూట్ (బెల్టు చివర సరుకు కిందికి జారే దారి) పని వచ్చింది. కన్సల్టెంట్ ఒకే డీడబ్ల్యూజీ (ఆటోక్యాడ్ డ్రాయింగ్) ఫైలు పంపారు. జనరల్ అరేంజ్‌మెంట్, మూడు వ్యూలు, 12 మి.మీ. లైనర్ ప్లేట్ల (చ్యూట్ లోపల అరుగుదల తట్టుకునే పలకలు) వివరాలు, డస్ట్ పైపు కలిపే 8 అంగుళాల ఫ్లాంజ్ (బోల్టు కన్నాలున్న గుండ్రని అంచు), అన్నీ అందులోనే ఉన్నాయి. నా దగ్గర ఫ్రీక్యాడ్ 1.0 (ఉచిత 3డీ సాఫ్ట్‌వేర్) ఉంది. ఆటోక్యాడ్ కావాలంటే పక్క ఆఫీసులో కూర్చుని చేసుకోవచ్చు. 3డీ మోడల్ చేసి బరువులు తీయాలి, ప్లేట్లు విశాఖకి కటింగ్‌కి పంపాలి.

ఓడీఏ కన్వర్టర్‌తో డీఎక్స్‌ఎఫ్ (వేరే సాఫ్ట్‌వేర్లు చదవగలిగే డ్రాయింగ్ ఫైలు) చేసి ఇంపోర్ట్ చేస్తే వచ్చిన తిప్పలు ఇవి:

1. ఫ్లాంజ్ బయటి వ్యాసం 343 ఉండాలి. 8712.2 చూపిస్తోంది.
2. జూమ్ చేస్తే గీతలు వణుకుతున్నాయి. గుండ్రని కన్నాలు మెట్లు మెట్లుగా కనిపిస్తున్నాయి. మౌస్ కదిపితే బొమ్మ ఎగిరిపడుతోంది.
3. లైనర్ ప్లేటుని స్కెచ్‌గా మార్చబోతే "ఆల్ షేప్స్ మస్ట్ బీ కోప్లానర్" అంటోంది. ఎలాగో మార్చిన వాటికి ప్యాడ్ (స్కెచ్‌కి మందం ఇచ్చే కమాండ్) కొడితే కొన్నిటికి "వైర్ ఈజ్ నాట్ క్లోజ్డ్", కొన్నిటికి "ఫెయిల్డ్ టు వాలిడేట్ బ్రోకెన్ ఫేస్".
4. టైటిల్ బ్లాకులో ఒడియాలో ఉండాల్సిన నోట్సు ఇంగ్లీషు అక్షరాల పిచ్చిగీతల్లా వచ్చాయి.

ఫైలు పాడైందా, నేను వేరే సాఫ్ట్‌వేర్‌కి వెళ్లాలా?

---

బరంపురం_డ్రాయింగ్‌బోర్డు:

ఫైలు పాడవలేదు, ఫ్రీక్యాడ్ తప్పూ కాదు. ఇదే ఫైలుని ఏ 3డీ సాఫ్ట్‌వేర్‌కి ఇచ్చినా ఇంచుమించు ఇవే గోలలు వస్తాయి, మెసేజీల మాటలే మారతాయి. మీ నాలుగు సమస్యలకీ మందు 2డీలోనే ఉంది. ఇంపోర్ట్ అయ్యాక 3డీలో కూర్చుని రిపేరు చేస్తే పని మూడింతలవుతుంది. పక్క ఆఫీసు ఆటోక్యాడ్ దొరుకుతుందన్నారు కాబట్టి ఒక గంట అక్కడే కూర్చోండి.

సైజు సంగతి. 8712.2ని 343తో భాగించండి, సరిగ్గా 25.4. డ్రాయింగ్ మి.మీ.ల్లోనే గీశారు, కానీ ఫైలు హెడర్‌లో అంగుళాలని రాసి ఉంది. డీఎక్స్‌ఎఫ్‌ని నోట్‌ప్యాడ్‌లో తెరిచి ఇన్‌స్‌యూనిట్స్ అని వెతకండి, ముందు డాలర్ గుర్తు ఉంటుంది. దాని కింద 70, ఆ కింది వరుసలో ఒక అంకె. 0 అంటే యూనిట్ చెప్పలేదు, 1 అంగుళం, 2 అడుగు, 4 మి.మీ., 5 సెం.మీ., 6 మీటరు. మీ దాంట్లో 1 ఉంటుంది. ఆటోక్యాడ్‌లో ఇన్‌స్‌యూనిట్స్ టైప్ చేసి 4 ఇచ్చి సేవ్ చేస్తే చాలు. గీతల్ని స్కేల్ చెయ్యకండి, అవి సరిగ్గానే ఉన్నాయి.

పాత ఆటోక్యాడ్ ఆర్12 వెర్షన్ డీఎక్స్‌ఎఫ్‌లో అసలు ఈ వేరియబులే ఉండదు. అప్పుడు ఇంపోర్ట్ చేసే సాఫ్ట్‌వేర్ తనకి తోచిన యూనిట్ అనుకుంటుంది. ఫ్రీక్యాడ్‌లో ఎడిట్, ప్రిఫరెన్సెస్, ఇంపోర్ట్-ఎక్స్‌పోర్ట్, డీఎక్స్‌ఎఫ్ పేజీలో స్కేల్ ఫ్యాక్టర్ గడి ఉంది. ఒక ఫైలు కోసం దాన్ని మార్చి మర్చిపోతే తరవాతి ఫైలు చెడుతుంది. అందుకే దాని జోలికి పోకుండా ఫైలునే సరిచేయడం మేలు.

తప్పు సైజు ఎప్పుడు వచ్చినా ముందు ఆ నిష్పత్తి చూడండి, జబ్బు అదే చెబుతుంది. 25.4 లేదా 0.03937 అంటే అంగుళం-మి.మీ. గొడవ. 304.8 అంటే అడుగులు. 10, 1000 అంటే సెం.మీ., మీటర్లు. 1.0667 వస్తే ఆ బొమ్మ పాత ఇంక్‌స్కేప్ గుండా వచ్చింది: 0.92 వెర్షన్ నుంచి అంగుళానికి 90 బదులు 96 పిక్సెళ్లు లెక్కిస్తున్నారు. 2.8346 వస్తే ఎవరో పీడీఎఫ్ పాయింట్లని మి.మీ.లుగా తీసుకున్నారు. వీటిలో ఏదీ కాని వింత అంకె వస్తే అది యూనిట్ గొడవ కాదు, డ్రాయింగే స్కేలుకి గీయలేదు.

వణుకుడు సంగతి. ఆటోక్యాడ్‌లో ఐడీ కమాండ్ ఇచ్చి ఏదైనా ఒక మూల మీద క్లిక్ చేయండి. ఎక్స్ 75 కోట్ల దగ్గర, వై 212 కోట్ల దగ్గర వస్తే ఆశ్చర్యపోకండి. సైట్ సర్వే టోటల్ స్టేషన్ అనే సర్వే పరికరంతో చేసి యూటీఎం (భూమిని జోన్లుగా విడగొట్టి మీటర్లలో కొలిచే మ్యాపు పద్ధతి) కోఆర్డినేట్లలో ప్లాట్ చేస్తారు. రాయగడ పడేది 44వ జోన్‌లో, తూర్పు విలువ సుమారు ఏడున్నర లక్షల మీటర్లు, ఉత్తరం విలువ సుమారు 21 లక్షల మీటర్లు. మి.మీ.ల్లో అవే ఆ కోట్లు. ఆ లేఅవుట్ మీదే చ్యూట్ గీసి, మీకు పంపేటప్పుడు ఆ ముక్కని అదే చోట ఉంచి కత్తిరించి ఇచ్చి ఉంటారు.

తెర మీద చూపించడానికి వాడే సంఖ్యలు సింగిల్ ప్రెసిషన్, అంటే తక్కువ అంకెల కచ్చితత్వం ఉన్నవి. 212 కోట్ల దగ్గర అలాంటి రెండు పక్క పక్క సంఖ్యల మధ్య ఎడం 128. అంటే 128 మి.మీ. కన్నా చిన్న తేడాని తెర చూపించలేదు. 22 మి.మీ. బోల్టు కన్నం ఇంక గుండ్రంగా ఎలా కనిపిస్తుంది? లోపల లెక్కలు డబుల్ ప్రెసిషన్‌లోనే జరుగుతాయి, అక్కడ ఎడం 0.00000024 మి.మీ. మాత్రమే. అది చాలదా అనిపిస్తుంది. చాలదు. ఫ్రీక్యాడ్ కింద ఉండి ఆకారాల లెక్కలు చేసే ఓపెన్‌క్యాస్కేడ్ రెండు బిందువులు ఒకటే అనుకోడానికి మామూలుగా పెట్టుకునే హద్దు 0.0000001 మి.మీ. అంత దూరాన సంఖ్యల మధ్య ఎడమే ఈ హద్దు కన్నా ఎక్కువ. కాబట్టి కంటికి కలిసిన మూలలు దాని లెక్కలో కలవవు. మీ "వైర్ ఈజ్ నాట్ క్లోజ్డ్"లో కొంత వాటా దీనిదే.

మందు: యూసీఎస్, వరల్డ్ ఇవ్వండి. తరవాత మూవ్, ఆల్, ప్లేటు ఎడమ కింది మూల బేస్ పాయింట్, గమ్యం 0,0. ఒక్కో ప్లేటుకి ఒక్కో ఫైలు డబ్ల్యూబ్లాక్‌తో తీసుకుని ఇలా చేస్తే ఇంకా శుభ్రం. జరిపాక కూడా ఆ పాత నలుసంత తేడాలు మూలల్లో మిగిలిపోతాయి, వాటి పని కింద పడదాం.

కోప్లానర్ సంగతి. అన్ని గీతలూ ఒకే తలం మీద లేవు. ఎవరో ఆబ్జెక్ట్ స్నాప్ పెట్టుకుని 3డీ మూలని పట్టుకుంటే ఒక గీత కొసకి జెడ్ 0, రెండో కొసకి 0.0003 పడుతుంది. పైనుంచి చూస్తే తెలీదు. అన్నీ సెలెక్ట్ చేసి ప్రాపర్టీస్‌లో లైన్లకి స్టార్ట్ జెడ్, ఎండ్ జెడ్, పాలీలైన్లకి ఎలివేషన్ చూడండి. "వేరీస్" అని ఉంటే దొరికినట్టే. 0 టైప్ చేసి ఎంటర్ కొట్టండి. అక్కడే థిక్‌నెస్ కూడా 0 చేయండి, లేకపోతే 3డీలోకి గీత బదులు నిలువు రేకు వస్తుంది.

ఫ్లాటెన్ కమాండ్ ఇదంతా ఒక్క దెబ్బకి చేస్తుంది. అయితే అది ఎక్స్‌ప్రెస్ టూల్స్‌లోది, ఆటోక్యాడ్ ఎల్‌టీలో (తక్కువ టూల్స్ ఉన్న వెర్షన్) ఉండదు. పైగా కొన్ని ఆర్కుల్ని పాలీలైన్లుగానో స్ప్లైన్లుగానో మార్చేస్తుంది, చేశాక కన్నాలు ఇంకా సర్కిళ్లేనా అని లిస్ట్‌తో చూడాలి. ఎల్‌టీ వాళ్ల పాత చిట్కా: మూవ్, ఆల్, 0,0,1ఈ99 ఇచ్చి రెండుసార్లు ఎంటర్, మళ్లీ మూవ్, ప్రీవియస్, 0,0,-1ఈ99. అంత పెద్ద సంఖ్య కలిపి తీసేసరికి చిన్న జెడ్‌లన్నీ సున్నాకి వస్తాయి. బ్లాకుల లోపలి గీతల మీద పనిచేయదు, ముందు ఎక్స్‌ప్లోడ్ చేసుకోవాలి.

మూసుకోని వైర్లు (వైరు అంటే కొసకి కొస కలిసిన గీతల గొలుసు). ఈ వరుస తప్పకండి:

ముందు ప్లేటు బయటి గీత, కన్నాలు తప్ప మిగతా లేయర్లన్నీ తీసేయండి. సెంటర్ లైన్లు, హిడెన్ లైన్లు, హ్యాచ్, డైమెన్షన్లు, లీడర్లు. 3డీలోకి వెళ్లాక చుక్కల గీత కూడా నిండు గీతే, అది ప్లేటుని అడ్డంగా కోస్తుంది. "బ్రోకెన్ ఫేస్" ఎక్కువగా వచ్చేది దీని వల్లా, ఒకదాని మీద ఒకటి పడిన జంట గీతల వల్లా.

తరవాత ఓవర్‌కిల్, ఆల్, టాలరెన్స్ 0.001. జంట గీతలు, ఒకదాంట్లో ఒకటి ఇమిడిన గీతలు పోతాయి. ఎన్ని తీసిందో కింద చూపిస్తుంది.

తరవాత పీఎడిట్, ఎం, అన్నీ సెలెక్ట్, లైన్లని పాలీలైన్లు చేయాలా అంటే వై, ఆ పైన జే, ఫజ్ డిస్టెన్స్ (ఎంత ఖాళీ వరకు కలపాలో) 0.05. ఇక్కడ అత్యాశ పనికిరాదు. ఫజ్ మీ డ్రాయింగ్‌లోని అతి చిన్న నిజమైన గీత పొడవులో సగం దాటకూడదు. 0.8 మి.మీ. రిలీఫ్ నాచ్ ఉన్న ప్లేటుకి ఫజ్ 1 ఇస్తే ఆ నాచ్ మూసుకుపోతుంది, ఎవరూ గమనించరు, కటింగ్ అయ్యాక తెలుస్తుంది.

చివరగా పరీక్ష: రీజియన్ (మూసిన లూపుల్ని నిండు తలాలుగా మార్చే కమాండ్), ఆల్. ప్లేటు ఒకటి, కన్నాలు 8, స్లాట్లు 4 ఉంటే 13 రీజియన్లు తయారవ్వాలి. 12 అని వస్తే ఒక లూప్ ఇంకా తెరిచే ఉంది. లెక్క కుదరగానే అన్‌డూ కొట్టండి, మనకి కావాల్సింది పాలీలైన్లే. లూప్ ఎక్కడ తెరిచి ఉందో తెలియకపోతే ఆ పాలీలైన్ ప్రాపర్టీస్‌లో క్లోజ్డ్ "నో" అని ఉన్నవి చూడండి.

సేవ్ యాజ్‌లో డీఎక్స్‌ఎఫ్ 2000 ఇవ్వండి. కొత్త వెర్షన్ ఇవ్వడం వల్ల ప్లేటు పనికి ఒరిగేది ఏమీ లేదు. ఇంతకీ మీ డీడబ్ల్యూజీ ఏ వెర్షనో తెలియాలంటే నోట్‌ప్యాడ్‌లో మొదటి ఆరు అక్షరాలు చూస్తే చాలు: ఏసీ1015 అంటే 2000, ఏసీ1027 అంటే 2013, ఏసీ1032 అంటే 2018.

ఫ్రీక్యాడ్‌లో. ఉత్త ప్లేటుకి స్కెచ్చే అక్కర్లేదు. వందల గీతలున్న స్కెచ్‌ని సాల్వర్ మోయలేక సిస్టం నత్తనడక నడుస్తుంది. బయటి వైరు, కన్నాల వైర్లు కలిపి సెలెక్ట్ చేసి పార్ట్ వర్క్‌బెంచ్‌లో మేక్ ఫేస్ ఫ్రమ్ వైర్స్, ఆ ఫేస్‌కి ఎక్స్‌ట్రూడ్ 12. ప్యాడే కావాలంటే డ్రాఫ్ట్ టు స్కెచ్ చేసి, స్కెచ్ మెనూలో వాలిడేట్ స్కెచ్ తెరిచి, హైలైట్ ఓపెన్ వెర్టెక్స్ నొక్కండి, తెరిచిన మూలలు తెర మీద కనిపిస్తాయి. మిస్సింగ్ కోఇన్సిడెన్సెస్ దగ్గర టాలరెన్స్ ఇచ్చి ఫైండ్, తరవాత ఫిక్స్.

ఒడియా నోట్సు. అకృతి లాంటి పాత ఫాంట్లు యూనికోడ్ కావు. లోపల ఉన్నవి ఇంగ్లీషు అక్షరాల కోడ్లే, ఒడియా రూపం ఫాంట్ ఇస్తుంది. ఆ ఫాంట్ మీ సిస్టంలో లేదు కాబట్టి అలా కనిపిస్తోంది. గీతలకొచ్చిన నష్టమేమీ లేదు, టెక్స్ట్ తీసేసి ఇంపోర్ట్ చేసుకోండి. కానీ తీసే ముందు కన్సల్టెంట్‌ని పీడీఎఫ్ అడిగి ఆ నోట్సు చదవండి. లైనర్ గ్రేడు, వెల్డింగ్ సైజు, హోల్ టాలరెన్సు అక్కడే రాస్తారు. నేమ్‌ప్లేట్ మీద ఒడియా, తెలుగు అక్షరాలు కోయాల్సి వస్తే అది వేరే పని: ఇంక్‌స్కేప్‌లో ఆబ్జెక్ట్ టు పాత్ చేసి అవుట్‌లైన్లుగా మార్చాలి.

---

జయపురం_మోడలర్:

పైవాళ్లు చెప్పిన శుభ్రం అయ్యాక సాలిడ్‌వర్క్స్ వాడేవాళ్ల కోసం నాలుగు మాటలు, ఈ ప్రశ్న ఇక్కడ తరచూ వస్తుంది కాబట్టి.

ఓపెన్‌లో డీఎక్స్‌ఎఫ్ ఎంచుకుంటే విజార్డ్ వస్తుంది. ఇంపోర్ట్ టు న్యూ పార్ట్ యాజ్ 2డీ స్కెచ్. తరవాతి పేజీలో యూనిట్ మీరే ఇవ్వాలి, అది చూపించిన దాన్ని గుడ్డిగా నమ్మి నెక్స్ట్ కొట్టకండి. లేయర్లు అక్కడే ఏరుకోవచ్చు. మెర్జ్ పాయింట్స్ అనే గడిలో 0.01 మి.మీ. చాలు.

పార్ట్ తెరుచుకున్నాక టూల్స్, స్కెచ్ టూల్స్‌లో రిపేర్ స్కెచ్ ఉంది, ఖాళీలు, అతివ్యాప్తులు ఒక్కొక్కటిగా భూతద్దంలో చూపిస్తుంది. చెక్ స్కెచ్ ఫర్ ఫీచర్‌లో బేస్ ఎక్స్‌ట్రూడ్ ఎంచుకుంటే ఎక్కడ తెగిందో చెబుతుంది.

అందరూ మరిచేది ఇంకొకటి. వచ్చిన స్కెచ్‌లో రిలేషన్లు ఏవీ ఉండవు, గీతలన్నీ నీలం రంగులోనే. చెయ్యి తగిలి ఒక మూల జరిగితే 298.5 కాస్తా 297.9 అవుతుంది, ఎవరికీ తెలీదు. అందుకని వచ్చిన వెంటనే అన్నీ సెలెక్ట్ చేసి ఫిక్స్ రిలేషన్ ఇచ్చేయండి. సైజులు మారే పార్టు అయితే ఫుల్లీ డిఫైన్ స్కెచ్.

మూడు వ్యూల నుంచి 3డీ కోసం 2డీ టు 3డీ టూల్‌బార్ ఉంది, ఫ్రంట్, టాప్, రైట్ అని వ్యూలని కేటాయించి అలైన్ చేస్తే అవి పెట్టెలా మడుచుకుని నిలబడతాయి. అది చేసే ముందు టైటిల్ బ్లాకులో ప్రొజెక్షన్ గుర్తు చూడండి. వ్యూలని కాగితం మీద ఏ వైపు పెట్టాలో చెప్పేది అదే. మన దగ్గర బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) పద్ధతి ఫస్ట్ యాంగిల్. అమెరికా వెండర్ డ్రాయింగ్‌ని చూసి గీసినవి థర్డ్ యాంగిల్‌లో ఉంటాయి. ఫస్ట్ యాంగిల్‌లో ఫ్రంట్ వ్యూకి కుడి పక్కన ఉండేది ఎడమ నుంచి చూసిన బొమ్మ. దీన్ని తిరగేసి పెడితే చ్యూట్ అచ్చంగా తయారవుతుంది, కానీ అద్దంలో బొమ్మలా. ఇన్‌స్పెక్షన్ డోరు అవతలి వైపుకి పోతుంది.

---

పర్లాకిమిడి_లేత్:

గురూ, ఇంత రిపేరు దేనికి? నా మాట కొంచెం అడ్డంగా ఉంటుంది, ఏమనుకోకండి.

లైనర్ ప్లేటంటే బయటి గీత నాలుగు వైపులు, నాలుగు మూలల రేడియస్, కొన్ని స్లాట్లు. గట్టిగా నలభై గీతలు. డైమెన్షన్లు చూసి ఫ్రీక్యాడ్ స్కెచర్‌లో కొత్తగా గీస్తే ఇరవై నిమిషాలు. ఆ స్కెచ్‌లో ప్రతి సైజు కన్‌స్ట్రెయింట్‌గా ఉంటుంది, రేపు క్లయింటు స్లాట్ 14 కాదు 18 అంటే ఒక అంకె మారిస్తే చాలు. ఇంపోర్ట్ చేసిన గీతకి ఆ తెలివి ఉండదు. ఇంపోర్ట్ చేసిన దాన్ని కింద పరిచి మీద గీసుకోడానికి మాత్రమే వాడండి.

ఇంపోర్ట్‌ని నమ్మకపోవడానికి ఇంకో కారణం ఉంది. డ్రాయింగ్ మీద రాసిన అంకె, కింద ఉన్న గీత పొడవు ఒకటే అని ఎవరు చెప్పారు? చివరి నిమిషంలో సైజు మారితే గీత జరపకుండా డైమెన్షన్ టెక్స్ట్ మాత్రం మార్చేసే డ్రాఫ్ట్స్‌మెన్ బోలెడుమంది. డైమెన్షన్ సెలెక్ట్ చేసి ప్రాపర్టీస్‌లో టెక్స్ట్ ఓవర్‌రైడ్ చూడండి. అక్కడ అంకె ఉందంటే అది చేత్తో కొట్టింది. పక్కన మెజర్‌మెంట్ అని అసలు విలువ ఉంటుంది.

ఇంకోటి డిమ్ స్కేల్ లీనియర్, కొలిచిన పొడవుని ఎన్ని రెట్లు చేసి చూపించాలో చెప్పే సెట్టింగ్. డీటెయిల్‌ని 1:5లో చిన్నగా గీసి ఆ విలువ 5 పెడితే డైమెన్షన్ 343 అని నిజాయితీగానే చూపిస్తుంది, డిస్ట్ కమాండ్‌తో కొలిస్తే 68.6. ఇంపోర్ట్‌లో వచ్చేది 68.6. మీ ఫైలులో అన్ని డీటెయిళ్లూ ఒకే స్కేలులో ఉన్నాయని అనుకోకండి, ఫ్లాంజ్ సరిపోయినంత మాత్రాన లైనర్ సరిపోవాలని లేదు. ప్రతి డీటెయిల్‌లోనూ ఒక పొడవు కొలవండి.

గీతకీ అంకెకీ పడకపోతే రాసిన అంకెదే పెత్తనం, కానీ కన్సల్టెంట్‌కి మెయిల్ పెట్టి లిఖితంగా తెప్పించుకున్నాకే కటింగ్.

---

బరంపురం_డ్రాయింగ్‌బోర్డు:

@పర్లాకిమిడి_లేత్ నలభై గీతల ప్లేటుకి మీ మాటే సరైనది, ఒప్పుకుంటాను. ఓవర్‌రైడ్ సంగతి నేను రాయాల్సింది, మీరు రాశారు. చ్యూట్ ట్రాన్సిషన్ ముక్కల డెవలప్‌మెంట్ (మడిచే రేకుని చదునుగా విప్పి గీసిన ఆకారం) లాంటివైతే మాత్రం కొత్తగా గీయడం దండగ. అక్కడ ప్రతి బిందువూ లెక్క కట్టి పెట్టింది, డైమెన్షన్లు సగానికి కూడా ఉండవు. వాటికి శుభ్రం చేసి ఇంపోర్టే దారి.

---

రాయగడ_షెడ్డు:

అందరికీ దండాలు. ఐడీ చూస్తే నిజంగానే వై 212 కోట్లు. ఇన్‌స్‌యూనిట్స్ 1 ఉంది, 4 చేశాను. సున్నాకి జరిపాక వణుకు పోయింది, ఫ్లాంజ్ 343 వచ్చింది. ఓవర్‌కిల్, పీఎడిట్ తరవాత రీజియన్ లెక్క కుదిరింది. టెక్స్ట్ ఓవర్‌రైడ్ ఉన్న డైమెన్షన్లు రెండు దొరికాయి, మెయిల్ పెట్టాను.

ఇప్పుడు ఒకటే మిగిలింది. ఒక లైనర్ ప్లేటు ఆటోక్యాడ్‌లో బాగానే ఉంది. ఫ్రీక్యాడ్‌లోకి వచ్చేసరికి రెండు మూలల ఆర్కులు, ఒక కన్నం ఎడమ వైపు ఎక్కడికో వెళ్లిపోతున్నాయి. లైన్లు మాత్రం ఉన్నచోటే ఉన్నాయి. అదే పద్ధతిలో చేసిన మిగతా ప్లేట్లు బాగున్నాయి.

---

బరంపురం_డ్రాయింగ్‌బోర్డు:

లైన్లు ఉన్నచోటే ఉండి ఆర్కులు, సర్కిళ్లు మాత్రమే ఎగిరితే కారణం ఒక్కటే: వాటి ఎక్స్‌ట్రూజన్ దిశ తిరగబడి ఉంది.

డీఎక్స్‌ఎఫ్‌లో లైన్ రెండు కొసల్నీ నేరుగా వరల్డ్ కోఆర్డినేట్లలో రాస్తారు. ఆర్క్, సర్కిల్, పాలీలైన్ అలా కాదు, వాటికి సొంత కోఆర్డినేట్ సిస్టం. 210, 220, 230 కోడ్లలో ఆ తలం ఎటు చూస్తోందో ఉంటుంది. మామూలుగా 0, 0, 1. ఎవరైనా ఆ ప్లేటుని అవతలి వైపు నుంచి చూసి గీసినా, మిర్రర్3డీతోనో రొటేట్3డీతోనో తిప్పినా 0, 0, -1 అవుతుంది. అప్పుడు ఫైలులో ఎక్స్ విలువ గుర్తు తిరగేసి రాస్తారు. నిజానికి 150 దగ్గరున్న కన్నం కేంద్రం ఫైలులో -150. 230 కోడ్ చదివి తిరిగి లెక్క కట్టే ఇంపోర్టర్ దాన్ని 150 దగ్గరే పెడుతుంది. పట్టించుకోనిది -150 దగ్గర పడేస్తుంది.

ఆటోక్యాడ్‌లో ఆ కన్నం మీద లిస్ట్ ఇస్తే ఎక్స్‌ట్రూజన్ డైరెక్షన్, జెడ్ = -1 అని కనిపిస్తుంది. ఫ్లాటెన్ ఇస్తే చాలా వరకు సరవుతుంది. రెండు ఆర్కులు, ఒక కన్నానికి నేనైతే వాటిని చెరిపి, యూసీఎస్ వరల్డ్‌లో ఉండగా ఫిల్లెట్‌తో మూలలు, సర్కిల్‌తో కన్నం మళ్లీ వేస్తాను. ఫ్రీక్యాడ్ ప్రిఫరెన్సెస్‌లో లెగసీ పైథాన్ ఇంపోర్టర్ టిక్ ఉంటుంది. దాన్ని మార్చి రెండో ఇంపోర్టర్‌తో తెచ్చి చూడండి, రెండూ వేరువేరు దారుల్లో చదువుతాయి కాబట్టి ఒక్కోసారి అక్కడే తేలిపోతుంది.

మిగతా ప్లేట్లు బాగున్నాయన్నారు, అది ఇంకోసారి చూసుకోండి. సున్నా కేంద్రం మీద సమానంగా ఉన్న ఫ్లాంజ్‌లో కన్నాలన్నీ ఎడమ-కుడి మారినా బొమ్మ అలాగే ఉంటుంది, తప్పు బయటపడదు. పొడుగు స్లాటో, ఒక్క పక్కనే ఉన్న లిఫ్టింగ్ కన్నమో ఉంటేనే పట్టిస్తుంది. క్విక్ సెలెక్ట్‌లో ఆర్కులు, సర్కిళ్లు విడివిడిగా తీసుకుని ప్రాపర్టీస్‌లో నార్మల్ జెడ్ చూడండి. అన్నిటికీ 1 ఉండాలి. "వేరీస్" అంటే ఇంకా ఉన్నాయి.

బరువు కూడా ఒక తనిఖీయే. 600 × 400 × 12 ప్లేటు కన్నాలు లేకుండా 22.6 కిలోలు, ఉక్కు సాంద్రత 7.85తో. మోడల్ చెప్పే బరువు డ్రాయింగ్‌లోని మెటీరియల్ పట్టీకి దగ్గరగా ఉండాలి. మందంతో సహా అంగుళం గొడవ పడితే తేడా 16,387 రెట్లు, దాక్కోలేదు.

---

జయపురం_మోడలర్:

విశాఖ పంపే ఫైలు గురించి ఒక మాట. ఫ్రీక్యాడ్‌లోంచి మళ్లీ డీఎక్స్‌ఎఫ్ తీసి పంపకండి. శుభ్రం చేసిన ఆటోక్యాడ్ ఫైలు ఉంది కదా, అదే పంపండి. ప్రతి మార్పిడిలోనూ ఆర్కు ముక్కలయ్యే అవకాశం ఉంది. గుండ్రని కన్నం 64 చిన్న గీతలుగా వెళితే మెషీన్ ప్రతి ముక్క దగ్గరా తడబడి కన్నం గోడ గరుకుగా వస్తుంది.

ఒక్కో ప్లేటుకి ఒక్కో ఫైలు, 1:1, మూసిన పాలీలైన్లు, ఒకే లేయరు, టెక్స్ట్ లేకుండా. జంట గీత మిగిలితే టార్చి అదే దారిలో రెండుసార్లు పోతుంది. కెర్ఫ్ (కోతలో పోయే వెడల్పు) కోసం మీరు గీతని లోపలికో బయటికో జరపకండి, అది వాళ్ల మెషీన్‌లో ఇస్తారు, ఇద్దరూ ఇస్తే ప్లేటు చెడుతుంది. వాళ్లు ఆర్12 అడిగితే యూనిట్ సమాచారం ఫైలులో పోతుంది కాబట్టి ఫైలు పేరులోనే మందం, యూనిట్, నగాలు, ఎడమ-కుడి రాయండి. ఎడమ, కుడి ప్లేట్లు రెండూ ఉంటే ఒకే ఫైలు పంపి "ఇదే తిరగేసి కోయండి" అనకండి, రెండు ఫైళ్లు పంపండి.

12 మి.మీ. ప్లేటులో 14 మి.మీ. స్లాట్ ప్లాస్మాతో కోస్తే కింది వైపు సన్నబడుతుంది. బోల్టు 12దే అయినా కౌంటర్‌సంక్ తల కూర్చోవాల్సిన చోట ఇబ్బంది. లేజరా ప్లాస్మానా అని ముందే అడిగి, ప్లాస్మా అయితే ఆ కన్నాలకి సెంటర్ మార్కు మాత్రం కొట్టించుకుని షెడ్డులో డ్రిల్ వేసుకోవడం మేలు. మార్కులకి వేరే లేయరు పెట్టి, అది కటింగ్ కాదని మెయిల్‌లో రాయండి.

---

రాయగడ_షెడ్డు:

లిస్ట్‌లో జెడ్ = -1 అనే వచ్చింది. చెరిపి మళ్లీ వేశాక ఫ్రీక్యాడ్‌లో సరిగ్గా కూర్చుంది. క్విక్ సెలెక్ట్‌తో చూస్తే బాగుందనుకున్న ఫ్లాంజ్‌లో కన్నాలు ఎనిమిదీ -1వే. వాటినీ మార్చాను. ప్లేట్లు లేజర్ కాదు, ప్లాస్మానేనట. స్లాట్లు కోయించి, కౌంటర్‌సంక్ కన్నాలకి మార్కులు మాత్రం పెట్టి పంపుతున్నాను. ఓవర్‌రైడ్ ఉన్న రెండు డైమెన్షన్లకి కన్సల్టెంట్ జవాబు వచ్చేదాకా ఆ రెండు ప్లేట్ల ఫైళ్లు ఆపాను.